బొగ్గులో మూసుకున్న బొక్కలు

సుజాతా,

ఇవాళ మీ ల్యాబ్‌కు వెళ్లొచ్చాను. నువ్వు చనిపోయాక సోడియం బ్యాటరీ పని నీ దగ్గర చదివిన మీనల్ చూస్తోంది. నూలు చిందీ పేలికల్ని కాల్చి నువ్వు చేసిన బొగ్గులో రంధ్రాలు బయటికి తెరుచుకుని ఉండటంతో, మొదటి చార్జింగ్‌లోనే సోడియం చాలావరకు వృథా అయ్యేది. నువ్వు చెప్పినట్టే ఇంకా ఎక్కువ వేడిలో కాలిస్తే వాటి మూతులు మూసుకున్నాయట. లోపలి చోటులో సోడియం నిలుస్తోంది.

మా పత్రికకు వార్త రాసే ఓపిక లేక, మరమగ్గాల పేట ఉన్‌లో అమ్మ దగ్గర ఆగాను. "బొగ్గుకు బొక్కలు చేసుడేంది, మల్ల మూసుడేంది" అని నిన్ను ఎగతాళి చేసేది కదా. ఆ బొక్కలు మూసుకున్నాయని చెబితే, సాంచెల మగ్గాల చప్పుడులో ఆమెకు నా మాట సరిగా వినబడలేదు.

"మూసుకున్నయా, కొడుకా?"

"మూసుకున్నయమ్మా."

"మరి సుజాతకు చెప్పినవా?"

అందుకే రాస్తున్నాను.

అన్న