మూడో పిలుపు

మా అన్న సోమన్నకి,

నీ సెల్లి సుక్రి దండాలెట్టి రాత్తన్నది. నాను ఇక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, పిల్లలు, గొడ్డూ గోదా అందరూ బాగున్నారని తలుత్తన్నాను. మామ్మ సంగతి మాత్రం తలవక్కర్నేదు, నీ ఉత్తరంలో సదివినాను. సదివితే ముందు నవ్వొచ్చినాది, తరవాత ఏడుపొచ్చినాది, ఆ తరవాత కోపమొచ్చినాది. బతికున్న మడిసికి ఎవులైనా దినం పెడతారేటి అన్నా!

ముందు ఇది ఇను. నాను సావనేదు. ఈ మాట మామ్మకి సెవి దగ్గర గట్టిగా సెప్పు. పొద్దున్నే లెగుత్తన్నాను, తింతన్నాను, కొండలెక్కి దిగి పరిగెడతన్నాను. కాళ్లు, సేతులు, ముక్కు, అన్నీ ఉన్నసోటే ఉన్నాయి. గొంతొక్కటే కాస్త అటూ ఇటూ అయినాది. దానికే ముసిల్ది నన్ను సంపేసినాది.

ఫోన్లో మాటాడింది మన గుంట కాదు, దాని గొంతెత్తుకొచ్చిన దెయ్యం అంతన్నాదని రాసినావు. అంబలి కూడా ముట్టుకోకుండా గోడేపు తిరిగి పడుకుంతన్నాదని, కాఫీ పళ్లు ఏరడం అయిపోగానే గురువుని పిలిచి నా దినం సేసెయ్యమంతన్నాదని రాసినావు. పెరట్లో ఎర్ర పుంజుని దానికే ఉంచినాదట. ఆ పుంజు గుడ్డులోంచి వచ్చినప్పుడు సూసినదాన్ని నాను. దాని మీద సెయ్యేసినారో, మీతో మాటాడను.

గొంతు ఎందుకిలగ అయినాదో సెప్తాను, నువ్వు మామ్మకి నిదానంగా సెప్పు. పరుగు పుణ్యమా అని ఈళ్ల కాలేజీ నాకు సీటిచ్చి రెండేళ్లయినాది గదా. ఈ స్కాట్లాండు కొండలు మన అనంతగిరి కొండల్లాగే ఉంటాయి గాని సెట్లుండవు, గొర్రెలుంటాయి. వాన మనూర్లో లాగ దబదబా పడి పోదు. పిసినారోడు దానం సేసినట్టు రోజంతా రాలతాది. ఆ సలికి ఇక్కడోళ్లు నోరు సగమే తెరిచి మాటాడతారు. వచ్చిన కొత్తలో ఈళ్లందరికీ పన్నునొప్పేమో అనుకున్నాను. ఇప్పుడు నాకూ అదే అలవాటయినాది. ఔననడానికి ఈళ్లు "అయ్" అంటారు, నానూ "అయ్" అంతన్నాను. "ర" వచ్చిన సోటల్లా నాలిక దొర్లిత్తారు, నానూ దొర్లిత్తన్నాను. మా క్లబ్బు అమ్మాయిలతో పక్కపక్కన పరిగెడతా మాటాడాలి గదా, ఊపిరికి రెండు మాటలే వత్తాయి. ఆళ్లు ఆగిన సోట నానూ ఆగుతాను, ఆళ్లు గొంతు లేపిన సోట నానూ లేపుతాను. కలిసి పరిగెడితే అడుగు కలుత్తాది. అడుగుతో పాటు మాట కూడా కలిసిపోనాది, నాకే తెలీనేదు.

ఇంకోటి, ఇక్కడ ఎవులూ అరవరు. పొద్దుట కాలేజీ వంటింట్లో గిన్నెలు కడిగే పని నాది. మొదటి రోజు "వేణ్ణీళ్లేవి" అని మనింట్లో అడిగినట్టు అడిగితే వంటావిడ బెదిరిపోయి గరిట కింద పడేసినాది. అప్పట్నుంచి గొంతు తగ్గించేసినాను.

తెలుగు మాటాడదామంటే ఈ ఊరంతటికీ ఒక్కటే ఇల్లున్నాది. విజయవాడేపు డాక్టరుగారు, పద్మగారని ఆయన భార్య. ఆదివారం పిలిచి పప్పు, వంకాయకూర పెడతాది. మంచి మడిసి. గాని నాను "ఏటి" అన్నప్పుడల్లా నవ్వుతాది. "ఇంకోసారి అనవా సుక్రీ" అని పిల్లల్ని పిలిచి మరీ ఇనిపిత్తాది. ఆమె మనసులో ఏ పాపమూ నేదు, అయినా నాకు సిగ్గేసినాది. "ఏమిటండీ" అనడం మొదలెట్టినాను. ఇప్పుడు నోరు తెరిత్తే అండీలే వత్తన్నాయి.

ఆ రోజు అరకు బూత్‌లో నువ్వు ఫోను మామ్మ సెవికి పెట్టినావు సూడు, నాకు ముందు దాని ఊపిరి ఇనిపించినాది. అమ్మ పోయిన కాడి నుంచి మనిద్దర్నీ ఒళ్లో ఏసుకుని పెంచిన మడిసి. ఆ ఊపిరి ఇని రెండేళ్లు దాటినాది. "మామ్మా" అన్నాను. పలకనేదు. "మామ్మా" అన్నాను మళ్లీ. పలకనేదు. లైను తెగిపోతాదేమో అని భయమేసి "ఆరోగ్యం ఎలా ఉందండీ" అనేసినాను. పద్మగారింట్లో అన్నట్టే. దానికి మామ్మ, "ఎవర్తివే నువ్వు? మా గుంట గొంతెత్తుకొచ్చి నాతో అండీ అంతన్నావా? పో, వచ్చిన దారినే పో!" అని ఫోను నీ మీదకి ఇసిరేసినాది. నాను ఇక్కడ ఫోను పట్టుకునే ఏడిసేసినాను. ఇల్లొదిలొచ్చిన రోజు కూడా అంత ఏడవనేదు అన్నా.

మామ్మ ఎందుకు పలకనేదో నాకు మొన్న శనివారం తెలిసినాది. మా క్లబ్బోళ్లం కొండ మీదికి పరుగుకి ఎల్లినాం. మంచు కమ్మేసినాది. కిందికి దిగి సూత్తే మోరా అనే అమ్మాయి నేదు. అందరూ "మోరా, మోరా" అని ఆ సన్నటి గొంతుల్తోనే పిలిచినారు. గాలికి ఆ పిలుపు పక్కనున్న రాయి కూడా దాటనేదు. మా కోచ్ మొహంలో నెత్తురు సుక్క నేదు. నాకేటి తోచిందో నాకే తెలీదు. రాయెక్కి, రెండు సేతులూ నోటి కాడ పెట్టి, మామ్మ పిలిచినట్టు పిలిచినాను. అడివిలో ఇస్తర్లకి అడ్డాకులు కోసేటప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మనల్ని పిలిచేది సూడు, కడుపులోంచి, పేరు సివర సాగదీసి సాగదీసి. అలగ. ఒకసారి పిలిచినాను. రెండోసారి పిలిచినాను. మూడోసారికి అవతల గట్టు నుంచి మోరా పలికినాది. కాలు మడతపడి కూకుండిపోనాదట పాపం. మోసుకొచ్చినాం, ఇప్పుడు బాగానే ఉన్నాది.

"ఆ గొంతు నీకెక్కడిది?" అనడిగినాడు కోచ్.

"మా మామ్మది" అన్నాను.

ఆ మాట అన్నాకే నాకు గుర్తొచ్చినాది. అడివిలో ఎవులైనా పేరెట్టి పిలిత్తే మూడోసారి దాకా పలకొద్దని మామ్మ సెప్పేది గదా. దెయ్యం ఒకసారి పిలుత్తాది, రెండోసారి కూడా పిలుత్తాది, మూడోసారి పిలవడం దాని వల్ల కాదు, మూడోసారి పిలిత్తే అది మనోళ్లే అని. నువ్వు మొదటి పిలుపుకే పలికేసినావని ఒకసారి సింతబరికెతో నీ కాళ్లు వాయించినాది, మర్సిపోనావేటి? ఆ రోజు బూత్‌లో మామ్మ పలక్కుండా కూకున్నది మూడో పిలుపు కోసం అన్నా. నాను మూడోది పిలవనేదు. ఆరోగ్యం అడిగినాను. ముసిల్దాని తప్పేటీ నేదు. అది మనకి నేర్పిన పెకారం నాను దెయ్యాన్నే.

కాబట్టి నాను సెప్పినట్టు సెయ్యి. ఈ ఉత్తరం అందినాక వచ్చే శుక్రవారం సంతకి మామ్మని జీపులో ముందు సీట్లో కూకోబెట్టి అరకు తీసుకురా. రానంటే ఎత్తుకురా. మిట్టమజ్జానం అదే బూత్ కాడ ఉండండి. నాను ఇకనుంచి ప్రతి శుక్రవారం ఫోను సేత్తాను, ఈ వారం కుదరకపోతే పై వారం. మీ మజ్జానానికి నాకిక్కడ అప్పుడే తెల్లారతాది. మా వీధి సివర ఎర్రటి ఫోను డబ్బా ఉన్నాది, అందులో నిలబడి పిలుత్తాను. వీధంతా లేచి కిటికీలు తీసినా సరే, పోలీసొచ్చినా సరే. అండీ నేదు, గిండీ నేదు. రోజూ కొండ మీద పిలిచి పిలిచి సూసుకుంతన్నాను, గొర్రెలు బెదిరి పారిపోతన్నాయి.

ఒక మాట నిజం సెప్తాను. నా మాట మళ్లీ పాతలాగ అవుతాదో నేదో నాకు తెలీదు. మనింటి మాటలోనే రాద్దామని కూకుంటే సెయ్యి తనంతట తనే పద్మగారి తెలుగు రాసేత్తన్నాది, కాగితాలు సింపి సింపి రాసినాను. అందుకే ఈ ఉత్తరం నువ్వే పైకి సదివి ఇనిపించు. నీ నోట్లో నా మాట సరిగ్గా ఉంటాది.

వదినని సోడిపిండి ఓ సంచీడు కట్టి పంపమను. ఇక్కడ అంబలి నేక నా కాళ్లకి బలమే వచ్చినట్టు నేదు. మిరియాల తీగలు పైకి పాకినాయా? సిన్నోడు బడికి ఎల్తన్నాడా, ఏరు కాడే ఆగిపోతన్నాడా? ఈసారి బేగి రాయి. నా గురించి ఏ బెంగా పెట్టుకోకండి. నాను బాగున్నాను, నిజంగానే బాగున్నాను.

మామ్మకి కాళ్ల మీద పడి దండాలు. ఊళ్లో పెద్దలందరికీ దండాలు. పిల్లలకి ముద్దులు. మీ దీవెనుంటే నాకు సాలు.

మీ ఇంటి ఆడపడుసు,
బతికే ఉన్న సుక్రి

అన్నా, ఈ కింద రాసింది మామ్మకి. మెల్లగా సదవకు. గుమ్మంలోకొచ్చి, నోటి కాడ సేతులెట్టి సదువు.

మామ్మో... ఓ... ఓయ్!

మామ్మో... ఓ... ఓయ్!

మూడోది బూత్‌లో పిలుత్తాను. పలుకు మామ్మా.