తలకీ గోడకీ మధ్య దిండు

ఏమండీ, లేవగానే కుట్టుమిషను దగ్గర కూర్చోకండి. ముందు గోడకి వీపు ఆనించి నిలబడండి. మడమలు, భుజాలు, తల మూడూ గోడకి తగలాలి. తర్వాత వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. కుర్చీ మాత్రం పట్టుకోవద్దు, అది జారుతుంది.

తల అందడం లేదని మీరు కుట్టుకున్న ఆ దిండు నా సంచిలో వేసుకుపోతున్నాను, వెతక్కండి. ఫిజియో అమ్మాయి తల గోడకి ఆనించమంటే, గోడనే తల దగ్గరికి తెచ్చుకున్న టైలర్ మీరొక్కరే! అందరి కొలతలూ తీస్తారు, మీ మెడ ఎంత ముందుకొచ్చిందో మీకే తెలీదు. మొన్న మెట్ల మీద మీరు తూలినప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇవాళ షాపులో నాకు పని మీద మనసు నిలవదు. మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. ఎత్తండి, మిషను చప్పుడులో వినపడలేదనకండి.

గుమ్మం దాకా వెళ్ళి, ఇది కూడా రాద్దామని మళ్ళీ వచ్చాను. నిన్న దిండు లాగేశాక ఒక్క క్షణం మీ తల గోడకి ఆనింది చూశారా, అప్పుడు మీ మొహం చూడ్డానికి నేను తలెత్తాల్సొచ్చింది. మీరు నాకంటే పొడుగన్న సంగతే మర్చిపోయానండీ.