లెక్కలోకి వచ్చిన వీధి

తమ్ముడికి,

సంతోషం పట్టలేక రాస్తున్నాను. మా అమ్మాయి కనిపెట్టిన దోమల మందు గెలిచింది. ఐదేళ్లు ఆ దోమల గదిలో తన చేతినే కుట్టించుకుంటూ వాటిని పెంచిన కష్టం ఊరికే పోలేదు. ఆదివారం సన్మానం. నువ్వు ముందు వరసలో నా పక్కన కూర్చోవాలి.

నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పిందిరా. ఇరవై వీధుల్లో మందు కొట్టి, ఇరవై వీధులు కావాలనే వదిలేశారట. కొట్టినచోట డెంగీ జ్వరాలు తగ్గాయి, వదిలేసిన మీలాంటి వీధుల్లో తగ్గలేదు. "వదిలిన వీధులు లేకపోతే మా మందు పనిచేసిందని ఎవరు నమ్ముతారు నాన్నా" అంది. అంటే అంతా మీ వీధి చలవే. మన బుడంకాయగాడూ ఆ లెక్కలో ఉన్నాడు. నీ మనవడు ఆ జ్వరంతో ఆరేళ్లకే పోయినా పుస్తకానికి ఎక్కాడు.

ఏ వీధులు వదలాలో చీటీలు తీసింది నేనే. పెద్దవాడి చెయ్యి, పక్షపాతం ఉండదని డబ్బా నా ముందు పెట్టింది. మీ వీధి రాగానే "మార్చవే, బాబాయి ఇల్లు" అన్నాను. "ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి బాబాయి ఉంటాడు నాన్నా" అంది. అంత నిజాయితీ గల పిల్లని కన్నందుకు పొంగిపోయాను.

మీరు మా గడప తొక్కి నాలుగు నెలలైంది. మరదలు ఫోనెత్తదు. ఇలాంటి శుభవేళ అదంతా మనసులో పెట్టుకోకండి.

ఇక మిగిలిన వీధులకీ మందు కొడతారు. అమ్మాయి పట్టుబట్టి మీ వీధినే మొదట పెట్టించింది. సోమవారం పొద్దున్నే వచ్చి గదిగదికీ కొడతారు. పిల్లవాడి గదికి కోడలు తాళం వేసిందట కదా, తీసి ఉంచమను.

మీ అన్నయ్య