మీరు లైట్‌హౌస్ కాదు

కమ్మింగ్,
మంగళవారం.

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నాకూ ప్రిస్సిల్లాకీ ఒంట్లో బాగానే ఉంది. అక్కడ బెంటన్‌విల్‌లో మీకూ అలాగే ఉందని తలుస్తున్నాను. ఒంట్లో అని విడిగా ఎందుకు రాశానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటి అనుకుంటారేమో. ఫోన్‌లో మొదలుపెడితే నా గొంతు లేస్తుంది. ఈ అపార్ట్‌మెంట్ గోడలు మీకు తెలిసినవే, పక్క గదిలో పిల్లకి అంతా వినబడుతుంది. పైగా నేను అసలు సంగతికి వచ్చేసరికి "ఒక్క నిమిషం నవోమీ, క్లయింట్ పింగ్ చేస్తున్నాడు" అని మీరు మ్యూట్‌లో పెట్టేస్తారు. కాగితాన్ని మ్యూట్‌లో పెట్టలేరుగా. కూర్చుని చదవండి.

ముందు మీ ఆదివారం మెయిల్‌లో అడిగినవాటికి జవాబులు. కార్‌కి ఆయిల్ చేంజ్ చేయించాను. వెనక టైర్ ఇంకొంత కాలం ఆగుతుందన్నాడు మెకానిక్. ఈస్టర్ పాటల ప్రాక్టీస్ జరుగుతోంది, మగవాళ్ళ గొంతులు సరిపోవడం లేదని పాస్టర్‌గారు మిమ్మల్ని తలుచుకున్నారు. డెంటల్ ఆఫీస్‌లో నా కుర్చీ మార్చారు, నడుం నొప్పి తగ్గింది. ఇక "ప్రిస్సీ నాతో అంటీముట్టనట్టు మాట్లాడుతోంది, వయసు ప్రభావమా?" అని అడిగారు.

వయసు ప్రభావం కాదండీ. మీ ప్రభావం.

జరిగినదాంట్లో సగం మీకు తెలుసు. మిగతా సగం తెలుసుకోకుండా తప్పించుకు తిరుగుతున్నారు. అందుకని మొదటినుంచీ చెబుతాను, వినక తప్పదు.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో ప్రిస్సీకి ఈ నెలంతా కవిత్వమే. మిస్ విట్కర్ అని, జుట్టు నెరిసిన టీచర్, ఓపెన్ హౌస్ నాడు మీరూ చూశారు. ఇంట్లో మనిషి ఒకరి మీద కవిత రాయమంది. పోలికలు వాళ్ళింట్లో రోజూ కళ్ళకి కనబడే వస్తువులతోనే చెప్పాలట, అందరూ వాడి వాడి అరిగిపోయినవి పనికిరావట. ఇంకో నియమం కూడా ఉంది. రెండు మాటలు అతికించో, ఉన్న మాటకి తోక తగిలించో, డిక్షనరీలో లేని కొత్త మాటలు సొంతంగా పుట్టించాలి. పిల్ల మిమ్మల్ని ఎంచుకుంది. రోజూ ముందు తిరిగే నన్ను కాదు, మిమ్మల్ని. నాకు కాస్త కుళ్ళు కూడా పుట్టింది.

మొన్నటిది కాదు, అంతకుముందు శుక్రవారం తొలి ప్రతిని క్లాసులో లేచి చదివింది. స్కూల్లో తల్లిదండ్రుల ముందు జరిగే కవితల సాయంత్రానికి అదే చదవాలని మిస్ విట్కర్ అక్కడికక్కడే చెప్పింది. పిల్ల బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. బ్యాగ్ కూడా దించకుండా "మమ్మీ, డాడీకి షేర్ చేశా, డాడీ గురించే కదా!" అంది. అది చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ ఆదివారం నేను ప్రాక్టీస్‌లో ఉండగా మీరు ఫైల్ తెరిచారు. నాలుగు లైన్లు చదివారు. నాలుగే అని మీ నోటితోనే నాతో అన్నారు, "నాలుగు లైన్లకే నా తల కొట్టేసినట్టయింది" అని. మా డాడీ ఫోన్‌లో ఉంటాడు, ఉప్పు డబ్బాకి ఆనుకుని నిలబడతాడు అని రాసింది. నిజమేగా? మీతో మాట్లాడుతూ వంట చేయడానికి నేను ఫోన్ పెట్టేది అక్కడేగా? మా డాడీ లేటర్‌ఫుల్ అని రాసింది. బ్యూటీ ఉంటే బ్యూటిఫుల్ అయినప్పుడు, ఏమడిగినా లేటర్ అనే మనిషి లేటర్‌ఫుల్ కాకుండా ఇంకేమవుతాడు? ఆ మాట చదివి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

మీరేం చేశారు? ఆ మాట కింద కంప్యూటర్ ఎర్ర గీత గీసిందని తీసేశారు. "రెడ్ లైన్స్ అన్నీ క్లియర్ చేశా" అని దానికి మెసేజ్ పెట్టారు, ఆఫీసులో ఎవరో జూనియర్ రాసిన కోడ్ సరిచేసినట్టు! అయ్యా, ఆ ఎర్ర గీత రావడానికే పిల్ల అంత కష్టపడింది. అక్కడితో ఆగినా బాగుండేది. మిగతాది చదివే ఓపిక లేక ఏఐని అడిగి మొత్తం కవిత కొత్తగా రాయించి అందులో పెట్టారు. "డాడీ, ఇది నాది కాదు" అందట పిల్ల. "ఐడియా నీదే నాన్నా, కొంచెం పాలిష్ చేశానంతే. మీ క్లాస్ వేదాంత్ సైన్స్ ప్రాజెక్ట్ మొత్తం వాళ్ళ డాడీయే చేసిచ్చాడు, ఎవరైనా అడిగారా? సబ్మిట్ కొట్టు" అన్నారట. కొట్టింది. మీ మాట ఎప్పుడు కాదంది గనక?

ఏం రాయించారండీ! నా తండ్రి ఆకాశాన్నంటే పర్వతం. నా తండ్రి తుఫానులో దారి చూపే లైట్‌హౌస్. మీరు లైట్‌హౌసా? మొన్న పెద్ద వానకి కరెంట్ పోతే టార్చ్ ఎక్కడ పెట్టారో అడుగుదామని మాటిమాటికీ ఫోన్ చేస్తే ఎత్తని మనిషి లైట్‌హౌసా? సిగ్గనిపించలేదా? మిమ్మల్ని మీరే పొగుడుకుని, దాని కింద పిల్ల పేరు పెట్టారు.

క్లాసులో చదివింది ఒకటి, చేతికిచ్చింది ఇంకొకటి. మిస్ విట్కర్ కనిపెట్టదా? కిందటి బుధవారం స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. మార్కు సున్నా. సొంతంగా రాయలేదు, మోసం చేసింది అని రికార్డ్‌లో రాస్తారు. కవితల సాయంత్రంలో చదవడానికి లేదు. వచ్చే ఏడాది బాగా చదివేవాళ్ళకిచ్చే ఆనర్స్ ఇంగ్లీషు కూడా అనుమానమే. నేను వెంటనే మీకు ఫోన్ చేస్తే మీరేమన్నారో గుర్తుందా? నాకు ప్రతి మాటా గుర్తుంది. "చిన్న విషయం నవోమీ. ఏఐ వాడానని ప్రిస్సీనే ఒప్పేసుకోమను, ఫస్ట్ టైమ్ కదా, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. నా పేరు మాత్రం రానీయకు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఈ టైమ్‌లో ఏ రికార్డ్‌లోనూ నా పేరు వద్దు."

నేను ఛస్తే చెప్పనన్నాను. మీరు నన్ను దాటేసి నేరుగా పిల్లకే చెప్పారు. గురువారం అది వెళ్ళి మిస్ విట్కర్ ముందు నిలబడి "నేనే చేశాను" అని చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది. ఆ రోజు నా ఒళ్ళు ఎంత మండిందో, మీరు ఎదురుగా ఉంటే ఏమయ్యేదో నాకే తెలియదు.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు క్లాసుకీ గ్రీన్ కార్డుకీ ఏమిటండీ సంబంధం? ఇమిగ్రేషన్‌వాళ్ళు మీ మెటఫర్లు చూస్తారా? మీ భయం నాకు తెలియదనుకోకండి. ఈ దేశంలో పోలీస్ కార్ వెనకాల వస్తే ఏ తప్పూ చేయకపోయినా మీ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకోవడం పక్క సీట్లో కూర్చుని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. లేఆఫ్ అన్న మాట వింటే మీకు నిద్ర పట్టదు. ఇక్కడ ఉద్యోగం దొరక్క మాకోసమే అంత దూరం వెళ్ళి ఒంటరిగా ఉంటున్నారు, అదీ తెలుసు. కానీ మీ భయాన్ని మీరు మొయ్యాలి. నేను సగం మోస్తాను, రోజూ మోస్తూనే ఉన్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటే మాత్రం ఊరుకోను. ఆదివారం బడిలో చిన్నపిల్లలకి అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పే మనిషి చేసే పనేనా ఇది?

ఇప్పుడు మీకు కోపం వచ్చే సంగతి. ఇంతసేపూ రాయకుండా ఆపాను.

నిన్న లంచ్ టైమ్‌లో నేను స్కూల్‌కి వెళ్ళాను. మిస్ విట్కర్ గదిలో కూర్చుని మొత్తం చెప్పేశాను. రాసింది పిల్ల, మార్చింది వాళ్ళ నాన్న, ఒప్పుకోమన్నదీ వాళ్ళ నాన్నే అని మీ పూర్తి పేరుతో సహా చెప్పాను. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. "ఆయనకి ఆ కవిత నచ్చలేదా?" అని మాత్రం అడిగింది. చదవనే లేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిమ్మల్ని ఇంత తిడుతున్నానా, బయటి మనిషి ముందు ఆ ఒక్క మాట అనలేకపోయాను.

ఆవిడ చెప్పింది ఇది. మార్చింది మీరేనని మీ నోటితో ఒక్కసారి చెబితే చాలు, పిల్ల మోసం చేసిందన్న మాట రికార్డ్‌లోంచి తీసేస్తారు. పిల్ల అసలు కవిత ఇస్తే సున్నా పోతుంది, కవితల సాయంత్రంలో చదవొచ్చు. మీ నంబర్ ఇచ్చాను. వచ్చే సోమవారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. మీటింగ్ ఉందనకండి.

సంగతి ఇక్కడితో తెమిలిపోయిందనుకున్నాను. సాయంత్రం పిల్లకి చెబితే నా మీద ఇంతెత్తున లేచింది.

"మమ్మీ, ఎందుకు చెప్పావ్? ఇప్పుడు మిస్ విట్కర్ డాడీని బ్యాడ్ అనుకుంటుంది!"

"నిన్ను అనుకుంటే పర్వాలేదా?"

"నన్ను అనుకుంటే ఇట్స్ ఓకే. నేను కిడ్. డాడీ పాపం."

పాపమట! విన్నారా? మీరు దాన్ని ముందుకి తోసి వెనక దాక్కుంటే అది ఇంకా మిమ్మల్నే కాస్తోంది.

ఆ తర్వాత ఇంకో మాట అంది. "ఆ పోయెమ్ నేను ఇవ్వను మమ్మీ. ఎవరు చెప్పినా ఇవ్వను. అది డాడీ గురించి, డాడీకే నచ్చలేదు. ఇంక నేను ఏం రాయను." తలుపు వేసుకుంది. కాసేపటికి మళ్ళీ తెరిచి, తల మాత్రం బయటపెట్టి, "డాడీ లాస్ట్ వరకు చదివాడా?" అని అడిగింది.

కనుక్కుంటానన్నాను.

కాబట్టి సోమవారం మీరు టీచర్‌తో నిజం చెప్పినా, పిల్ల కవిత ఇవ్వదు. అది ఇవ్వాలంటే మీరే ఇవ్వమనాలి. నేను బతిమాలాను, బెదిరించాను, నా వల్ల కాలేదు.

మీ మెయిల్‌లో చివరి ప్రశ్నకి ఇంకా జవాబు రాయలేదు. "ప్రిస్సీ మాటలు తగ్గించింది కానీ రాత్రి ఫోన్‌లో కుటుంబ ప్రార్థన మరీ సాగదీస్తోంది. నాకు వెంటనే ఇండియా టీమ్‌తో ఆఫ్‌షోర్ కాల్ ఉంటుంది, కొంచెం త్వరగా ముగించమను" అని రాశారు. దానికి జవాబు నా దగ్గర లేదు, మీరు చదవకుండా వదిలేసిన లైన్లలో ఉంది. ఇంగ్లీషులో పంపితే మళ్ళీ సరిచేస్తారేమోనని, దాని నోట్‌బుక్‌లో ఉన్న తొలి ప్రతి చూసి తెలుగులో రాస్తున్నాను. కవిత చివర ఇలా ఉంది:

తినేటప్పుడు డాడీ ఫోన్ వెల్లకిలా పెడతాడు,
ఏం తింటున్నాడో మాకు కనబడకూడదని.
ఆ గది ఫ్యాన్‌కి ఒక రెక్క మీద మరక ఉంది,
డాడీ ముఖం కన్నా అదే నాకు బాగా తెలుసు.
ఆమెన్ అనగానే కాల్ కట్ అవుతుంది.
అందుకే, దేవుడికి చెప్పాల్సినవన్నీ అయిపోయాక కూడా
పేరు తెలియనివాళ్ళ కోసం
నేను ప్రార్థన చేస్తూనే ఉంటాను.

చదివారుగా. ఇక నాకు ఫోన్ చేసి సర్ది చెప్పకండి, నాకు వినే ఓపిక లేదు. దానికి చేయండి. చివరిదాకా చదివానని చెప్పండి, కవిత ఇవ్వమని మీరే అడగండి. ఆ రాత్రి ఎంతసేపు ప్రార్థన చేసినా చేయనివ్వండి. అది ఆమెన్ అన్నాక ఫోన్ పెట్టేయకండి.

ఇట్లు,
మీ మీద కోపం చల్లారని
మీ భార్య,
నవోమి