బిగబట్టిన కొలతలు

జులై 2, మంగళవారం

హెడ్ ఆఫీసు నుంచి ఒక పోస్టరు వచ్చింది. ఇన్‌వర్డ్ రిజిస్టరులో నమోదు చేసి, స్టోర్స్ గదిలో బీరువా పక్క గోడకు అంటించాను. కొత్త యూనిఫాం వేసుకున్న ఒక యువకుడు, ఒక యువతి. ఇద్దరికీ పొట్ట అనే అవయవం మంజూరు కాలేదు. బస్సు నడిపేవాళ్ళలా లేరు, ఎక్కేవాళ్ళలా కూడా లేరు. కింద, ఫిట్టింగు ఫోటో ప్రకారం ఉండవలెను అని ఆదేశం. డిపోలో నూట పన్నెండు మంది సిబ్బంది. స్టోర్స్ సూపరింటెండెంటు హోదాలో కొలతల రిజిస్టరు బాధ్యత నాకు దఖలు పడింది.

జులై 4, గురువారం

కొలతలు మొదలయ్యాయి. టైలరమ్మ టేపు పట్టి అంకె చెబుతుంది, నేను రాస్తాను. పద్నాలుగేళ్ళుగా ఈ డిపోకి ఆవిడే కుడుతోంది.

ఒక వింత గమనించాను. మనిషి గుమ్మం దగ్గర మామూలుగానే ఉంటాడు. పోస్టరు కంట పడగానే ఛాతీ లేస్తుంది, పొట్ట లోపలికి వెళ్ళి ఎక్కడో తలదాచుకుంటుంది, మొహం సంతాప సభలో ఉన్నట్టు గంభీరమవుతుంది. టేపు తీయగానే అన్నీ యథాస్థానానికి చేరతాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా అందరూ ఒకే బళ్ళో చదువుకున్నట్టు చేశారు. ఆ బడి ఎక్కడుందో తెలుసుకోవాలని నాకు కుతూహలం కలిగింది.

ముప్పై ఏళ్ళ సర్వీసున్న పెద్ద డ్రైవరును టైలరమ్మ మందలించింది. అన్నా, ఊపిరి వదులు, పోతావ్ అంది. నేనెప్పుడూ ఇంతేనమ్మా, ఎక్సర్‌సైజు బాడీ అన్నాడాయన, ఒక్కో అక్షరాన్నీ పళ్ళ సందులోంచి బయటికి లాగుతూ.

రెండంగుళాలు లూజు వదలనా సార్ అని ఆవిడ డిపో మేనేజరు గారిని అడిగింది. ఫోటో ప్రకారం అన్నాక ఫోటో ప్రకారమే, చొక్కాలు కుడుతున్నావా సంచులు కుడుతున్నావా అన్నారాయన.

జులై 5, శుక్రవారం

నా వంతు. గాలి వదలండి సార్ అని టైలరమ్మ ఇతరులకు వినపడకుండా సూచించింది. ఇదే నా సహజ స్థితి అని తెలియజేశాను. నడుము ముప్పై నాలుగు అని నా చేత్తో నేనే రాసి సంతకం చేశాను.

జులై 7, ఆదివారం

సదరు బడి కోసం ఇంట్లో గాలించాను. ఆల్బంలో మా తాతగారి ఫోటో దొరికింది. పొట్టను ముందు నిలబెట్టి తాను దాని వెనక నిలబడ్డారు. ఆ రోజుల్లో పొట్టంటే కలిగిన ఇల్లని అర్థమట. మా ఆవిడ తొంగి చూసి, ఆయన అంత పెద్దది బయటపెట్టుకుని దర్జాగా ఉన్నారు, మీరు ఇంతదాన్ని దాచలేక చస్తున్నారు అంది. ఆవిడ కూడా అద్దం ముందు పక్కకు తిరిగే నిలబడుతుందన్న విషయాన్ని సంసార సౌఖ్యం దృష్ట్యా ప్రస్తావించలేదు.

మా అమ్మాయి ఫోనులో తన ఫోటోకి నడుము సన్నబరిచి చూపించింది. నడుముతోపాటు వెనకున్న తలుపు కూడా వంగింది. ఏ పాపం ఎరుగని తలుపు. అందరూ ఇలాగే పెడతారు నాన్నా, నేనొక్కదాన్నే ఉన్నదున్నట్టు పెడితే ఏమైందే నీకు అని అడుగుతారు అంది. నీది కూడా చెయ్యనా అంది. వద్దన్నాను. చేసింది. కొంచెం సేపు చూశాను.

జులై 29, సోమవారం

యూనిఫాంలు వచ్చాయి. పెద్ద డ్రైవరు సీట్లో కూర్చోగానే చొక్కా బొత్తాం ఎగిరి ముందు అద్దానికి తగిలింది. తొమ్మిది గంటల బస్సు తొమ్మిదీ నలభైకి కదిలింది. నేను రోజంతా నిలబడే ఫైళ్ళు చూశాను. నిలబడితే ఆరోగ్యానికి మంచిదని అడిగినవాళ్ళకు చెప్పాను.

జులై 30, మంగళవారం

టైలరమ్మకు కొలత తీయడం రాదనీ, గుడ్డ మిగుల్చుకుందనీ ఫిర్యాదు. నూట పదకొండు సంతకాలు. తన పొట్ట పెద్దదని రాసినవాడు ఒక్కడూ లేడు. ఆవిడను తీసేసి పని ఒక కంపెనీకి ఇచ్చేస్తానని మేనేజరు గారు కేకలేశారు. ముందు విచారణ జరగాలట. విచారణాధికారి నేను. రిజిస్టరులోని ఆ ముప్పై నాలుగు నడుము కూడా నాదేనన్న సంగతి ఆర్డరులో లేదు.

ఆగస్టు 1, గురువారం

ఇరవై చొక్కాలు కొలిపించాను. దారమంత తేడా లేకుండా రిజిస్టరుతో సరిపోయాయి. అంటే గుడ్డ నిర్దోషి, కత్తెర నిర్దోషి.

టైలరమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను కొలిచిన పొట్టలు వేరు, చొక్కాలు తొడిగిన పొట్టలు వేరు సార్ అంది. గుడ్డ దొంగంటే నన్నెరిగినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు, కొలత రాదంటే రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారు, నన్ను నమ్ముకుని ఇద్దరాడవాళ్ళు మిషను తొక్కుతున్నారు సార్ అంది. నా వైపు చూసింది. నా నడుము వైపు చూడలేదు. మర్యాద తెలిసిన మనిషి.

ఆగస్టు 2, శుక్రవారం

మళ్ళీ కొలతలిచ్చి సంతకం పెట్టమని సిబ్బందిని కోరాను. మిగతావాళ్ళవి తీసుకోండి సార్, నాది అవసరం లేదు అని అందరూ అన్నారు. పెద్ద డ్రైవరు మాత్రం, పరువు ఆవిడదా మనదా అని చర్చ లేవదీసి మధ్యలో డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఒక కండక్టరమ్మ ఉండిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. సంతకం పెట్టనండీ కానీ ఒక మాట చెబుతా అంది. తొమ్మిదో తరగతిలో స్కూలు ఫోటో తీసేటప్పుడు, పక్కపిల్ల పొట్ట లోపలికి లాక్కోవే అందట. అప్పుడు లాక్కున్నాను సార్ అంది. బస్సులో అందరి మధ్యా నడవాలి కదా, ఎనిమిది గంటలూ బిగబట్టే ఉంటాను, ఇంటికెళ్ళి తలుపేసుకున్నాకే వదులుతాను అంది.

నేను వెతుకుతున్న బడి అదే కావచ్చు. సెలవులు లేని బడి.

ఆగస్టు 4, ఆదివారం

బాత్రూం గడియ వేసుకుని కొలుచుకున్నాను. ముప్పై ఎనిమిదిన్నర. టేపు పాతది.

ఆగస్టు 6, మంగళవారం

విచారణ. స్టోర్స్ గది నిండిపోయి కొందరు కిటికీ బయట నిలబడ్డారు. నివేదిక ముందే రాసి బల్ల మీద పెట్టాను, కానీ నా దగ్గరున్న సాక్ష్యం నా నడుము ఒక్కటే. దాన్ని బహిరంగంగా కొలవవలసిందిగా టైలరమ్మను ఆదేశించాను. ఆవిడ టేపు చుట్టింది.

ఇక్కడ ఒక సాంకేతిక సమస్య ఎదురైంది. పొట్ట బయటికి రాలేదు. వదులుదామన్నాను, అది వినలేదు. ఇంతమంది చూస్తుండగా బయటికి రాకూడదని ముప్పై ఏళ్ళుగా దానికి నేనే నేర్పాను. చెమటలు పట్టాయి. టేపు మళ్ళీ ముప్పై నాలుగు దగ్గరే ఆగింది. ఇంకేం విచారణ, కొలత సరిగ్గానే ఉందిగా, కుట్టడమే రాలేదు అన్నారు మేనేజరు గారు.

టైలరమ్మ టేపు వదల్లేదు. ఆ రిపోర్టు పైకి చదవండి సార్ అంది.

చదివాను. నేను రాసిన వాక్యాలకు ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదని నాకు ఈరోజే తెలిసింది. బిగబట్టి మొదటి పేరా దాటాను. రెండో పేరాలో గొంతు సన్నబడింది. మూడో పేరాలో, కొలతలిచ్చినవారు తమ దేహాలకు బదులు గోడ మీది దేహాల కొలతలిచ్చిరి, ఈ అధికారి కూడా ఇచ్చెను, అతని వాస్తవ నడుము ముప్పై ఎనిమిదిన్నర అంగుళములు అన్న వాక్యం మధ్యలో, పొట్ట తనంతట తానే బయటికి వచ్చింది.

ముప్పై తొమ్మిది అంది టైలరమ్మ.

నా నివేదికలో అర అంగుళం అబద్ధం ఉన్నట్టు ఆ విధంగా రుజువైంది.

ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు. పెద్ద డ్రైవరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, రాసుకోండి సార్, నలభై రెండు అని వేలంపాటలో పాడినట్టు అరిచాడు. నలభై మూడు అని కిటికీ బయటి నుంచి ఇంకొకడు. కండక్టరమ్మ వచ్చి టైలరమ్మ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలింది. చాలా సేపు పట్టింది.

నివేదిక మీద మేనేజరు గారు సంతకం చేశారు. టైలరమ్మ తప్పేమీ లేదు.

ఆగస్టు 12, సోమవారం

కొత్త కొలతలు పూర్తి. మేనేజరు గారు తమ కొలతను సీలు వేసిన కవరులో పంపారు. టైలరమ్మ ఆయన్ను కిటికీలోంచి ఒకసారి చూసి, కవరు తెరవకుండానే గుడ్డ కత్తిరించింది.