తాళం పడ్డ ఫోన్

ఫిబ్రవరి 2, 2016. మంగళవారం

ఫోన్ పోయింది. పద్నాలుగో నంబరు బస్సులో, మిషన్ స్ట్రీట్ మీద, వెనక తలుపు తెరుచుకోగానే ఎవడో నా చేతిలోంచి లాక్కుని దిగిపోయాడు. ఎర్ర టోపీ ఒక్కటే గుర్తు.

స్టేషన్‌లో పోలీసాయన తాపీగా కాగితం నింపాడు. కొత్త చట్టం వచ్చాక కాలిఫోర్నియాలో అమ్మే ప్రతి ఫోన్‌కీ దొంగలు వాడుకోకుండా తాళం ఉంటోందట. ఇక ఆ ఫోన్ వాడికి ఇటుకరాయితో సమానమట. నాకు కావలసింది ఫోన్ కాదు నాయనా అన్నాను. అందులో ఉన్న మెసేజ్.

కీటింగ్ మా ఇంటి ఓనరు. తన కూతురు వచ్చి ఇక్కడే ఉంటుందని చెప్పి, పందొమ్మిదేళ్లుగా ఉంటున్న నన్ను ఖాళీ చేయించడానికి కోర్టుకెక్కాడు. ఆ పెద్దమనిషే డిసెంబరులో, తాగి ఉన్నాడో ఏమో, నాకు ఇలా రాశాడు: "మా అమ్మాయి శాక్రమెంటో వదిలి రాదు. ఇల్లు అమ్మేస్తున్నాను. గొడవ చేయకుండా వెళ్లిపో, హెర్మీనియా." నా కేసంతా ఆ మూడు ముక్కలే. పన్నెండున, శుక్రవారం విచారణ.

స్క్రీన్‌షాట్ పంపమని అద్దెదార్ల సంఘం డెస్మండ్ మూడుసార్లు చెప్పాడు. ఇవాళ పంపుదామనుకున్నాను.

ఫిబ్రవరి 3

నేను పనిచేసే హోటల్ లాండ్రీలో, నాతోపాటు పనిచేసే నెనిటా ఫోన్ అడిగి నా అకౌంట్ తెరిచాను. బ్యాకప్ లేదు. స్టోరేజ్ నిండిందని నాలుగు నెలలుగా మొత్తుకుంటుంటే వేలితో తోసేస్తూ వచ్చాను కదా, అనుభవించాలి.

రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి తాళం వేస్తుంది, రెండోది మొత్తం చెరిపేస్తుంది. చెరిపేసెయ్ అక్కా, ఆ వెధవకి మన ఫొటోలెందుకు అంది నెనిటా. చెరిపితే కీటింగ్ మాట కూడా చెరిగిపోతుంది. తాళం వేసి, తెర మీద నెనిటా నంబరు కనిపించేలా పెట్టాను.

తాళం నాది, తలుపు నాది. లోపలికి పోలేనిదాన్నీ నేనే.

ఫిబ్రవరి 5

ఫోన్ కంపెనీ పేరుతో నెనిటాకి మెసేజ్. మీ ఫోన్ దొరికింది, ఎక్కడుందో చూడాలంటే సైన్ ఇన్ అవ్వండి అని. ఇద్దరం పసిపిల్లల్లా సంబరపడ్డాం. పాస్‌వర్డ్ సగం కొట్టాక కింద చూశాను. తెర తెరిచే ఆరంకెలు కూడా అడుగుతోంది. కంపెనీ వాళ్లకి అవెందుకు? ఇది దొంగల పనే. ఫోన్ బల్ల మీద పడేశాను. నెనిటా తెచ్చిన అడోబో కూర ముట్టబుద్ధి కాలేదు. రెండు గంటలు ఆపకుండా దుప్పట్లు మడతపెట్టాను.

ఫిబ్రవరి 6

అందులో అసలు చార్జింగ్ ఉందో లేదో.

ఫిబ్రవరి 8. మధ్యాహ్నం

నెనిటా నంబరుకి ఫోన్ చేశారు. ఆడమనిషి. గొంతు చిన్నది, తొందర లేదు. ఫోన్ తాను కొన్నదేనట, లాక్కున్నవాడెవడో తెలియదట. తెర తెరిచే అంకెలు, పాస్‌వర్డ్ రెండూ చెబితే కావలసింది ఏదైనా ఫొటో తీసి పంపుతానంది.

డెస్మండ్‌కి చెబితే మండిపడ్డాడు. చట్టం పనిచేస్తోంది కాబట్టే ఆమె నిన్ను బతిమాలుతోంది, నోరు మూసుకుని కూర్చో అన్నాడు. నిజమే. తాళమే లేకపోతే మంగళవారమే అంతా తుడిచేసి అమ్మేసేవాళ్లు, మెసేజ్ అప్పుడే పోయేది. ఆ తాళం నా మెసేజ్‌ని కాపాడింది. నాకు మాత్రం ఇవ్వడం లేదు.

ఫిబ్రవరి 9

కీటింగ్ మెసేజ్ ఫొటో పంపమని ఆరంకెలు మాత్రం చెప్పాను. వాటితో తెర తెరుచుకుంటుంది. ఫోన్ అమ్ముడుపోవాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది నా దగ్గరే ఉంది. తెలివైనదాన్నే అనుకున్నాను.

ఫిబ్రవరి 10

సగం ఫొటో వచ్చింది. కీటింగ్ పేరు, తేదీ, "మా అమ్మాయి" వరకు. మిగతాది బొటనవేలితో మూసింది. గోరుకి నీలం రంగు, అంచున ఊడిపోయి ఉంది.

వెంటనే ఫోన్. నా మెసేజ్‌లన్నీ చదివేసినట్టుంది, మావాళ్లు పిలిచినట్టే పిలిచింది.

"కీటింగ్ నంబరు కూడా ఇక్కడే ఉంది అక్కా. నువ్వు బేరం చెయ్యనంటే ఆయన చేస్తాడేమో."

రేపు సాయంత్రం ఐదు వరకు గడువు. ఇంత భయం నాకు భర్త పోయినప్పుడు కూడా లేదు.

ఫిబ్రవరి 11. నాలుగున్నర

డెస్మండ్ వద్దన్నాడు. నెనిటా వద్దంది. వాళ్ల ఇళ్లు వాళ్లకున్నాయి.

పాస్‌వర్డ్ చెప్పేశాను.

ఏడు గంటలు

ఏమీ రాలేదు. అకౌంట్‌లో చూస్తే ఫోన్ లేదు. తాళం తీసేశారు. చెరపడానికి కూడా ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు.

ఫిబ్రవరి 12. ఉదయం 8:40

కోర్టు మెట్ల మీద రాస్తున్నాను. పక్కనే నెనిటా ఏడుస్తోంది. వచ్చింది. నెనిటా ఫోన్‌కి, కీటింగ్ మెసేజ్ మొత్తం ఫొటో, అంచున అదే నీలం గోరు. కింద ఒక ముక్క: "వాణ్ణి వదలొద్దు అక్కా."

సాయంత్రం

కీటింగ్ లాయరు ఫొటోని ఎత్తి చూపించి, ఈ నీలం గోరు ఎవరిదమ్మా అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా బ్లీచ్ తిన్న నా గోళ్లు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. ప్రమాణం చేసి ఉన్నాను.

"ఇప్పుడు ఆ ఫోన్ ఎవరిదో, వాళ్లది" అన్నాను.

వెనక బెంచీలో డెస్మండ్ తల పట్టుకున్నాడు. జడ్జి ఫొటో పక్కన పెట్టి, ఇది మీరు రాశారా లేదా అని కీటింగ్‌నే అడిగింది. ఆయన తన లాయరు వైపు చూశాడు. మీ ఫోన్ తీసి చూడండి అందామె. అప్పుడు ఒప్పుకున్నాడు. కేసు కొట్టేశారు.

ఇంటికొచ్చి తలుపు గడియ వేసి, వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఫిబ్రవరి 27

కొత్త ఫోన్ కొన్నాను. దీని తాళం ఎవరూ విప్పలేరండీ, పాతదానికి పనిచేసిందా అని అడిగాడు కొట్లో అబ్బాయి. బాగా పనిచేసింది బాబూ, నేనే విప్పాను అన్నాను.