తమ్ముడి కాలికి కట్టిన తలగుడ్డ

కడప, 1934 మార్చి 9

అమ్మకు పెద్దకొడుకు బాలస్వామి వందనాలు. మొన్న గనిలో నాపరాయి జారి తమ్ముడు ఆనందం కాలి మీద పడింది. ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాను. ప్రాణానికి భయం లేదు గానీ రేపు కాలు తీసేస్తారట. చిన్నకోడలు జీవమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. కట్లకు పాత పంచెలు ఉతికి పంపించు. నల్లమేక ఈనిందా?

ఈ కార్డు అమ్మకు చదివి వినిపిస్తున్న మన చర్చి ఉపదేశి గారూ, ఇక్కడి నుంచి పైకి చదవకండి. రక్తం ఆగాలని, పాము కరిస్తే కట్టినట్టు, వాడి తొడకు తలగుడ్డ బిగించి కట్టాను. పొద్దు గూకేదాకా బండి ప్రయాణం. "అన్నా, కాలు మొద్దుబారిపోయింది, రవంత వదులు చేయి" అని వాడు దారి పొడవునా బతిమాలాడు. నేను వినలేదు. రాయి పడిన కాలు బాగయ్యేదేనట, పొద్దంతా విప్పని కట్టుతోనే చచ్చిపోయిందని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. వాడికి ఈ సంగతి తెలియదు. చూడవచ్చిన ప్రతివాళ్ళతోనూ "మాయన్న కట్టు కట్టబట్టే బతికుండాను" అంటున్నాడు.

ఇక మళ్ళీ పైకి చదవండి. అమ్మా, దిగులు పడకు. వాడి పక్కన నేనున్నాను కదా.